కచేరీ అడిగిన జాబితా

జపాను దేశపు ఎడో నగరంలోని వినోద కథల పుస్తకాలనూ, వాటి అచ్చుచెక్కలనూ రేపు కాల్చేస్తారు. ఏ పుస్తకం ఏ ఏట అచ్చయిందో, రాసిందెవరో దుకాణంవారీగా జాబితా ఇమ్మని కచేరీ ఆజ్ఞ. పుస్తక వర్తకుల పెద్దను కాబట్టి ఆ జాబితాలు పోగుచేయడం నా మెడకు చుట్టుకుంది.

చివరి దుకాణం సెకిది. భర్త పోయాక అచ్చుపని ఆమే నడుపుతోంది. నేను వెళ్లేసరికి కుంచె పట్టి జాబితా రాస్తూనే ఉంది.

“ఈ చెక్కలు ఎవరి దగ్గర కొన్నారు, ముందుమాట ఎప్పుడు మార్చారు... ఇంత తతంగం ఎందుకమ్మా? పేర్లు రాసి పారెయ్,” అన్నాను.

ఆమె వినలేదు. ఆఖరి పుస్తకం దగ్గరికి రాగానే నేను లేచి వీధి తలుపు మూసొచ్చాను. మంత్రిగారిని వెక్కిరించిన కథ అది. ‘తడిసిన పిచ్చుక’ అనే మారుపేరుతో దాన్ని రాసినవాడి కోసం భటులు ఆర్నెల్లుగా ఊరంతా జల్లెడ పడుతున్నారు.

“వాడెవడో మనకు తెలీదు. తెలీదనే రాయి తల్లీ, నీకు దణ్ణం పెడతా.”

సెకి కుంచెను సిరాలో ముంచి, ‘రాసినది ఈ దుకాణపు సెకి’ అని రాసింది.

“పిచ్చి పట్టిందా? చేతులకు సంకెళ్లు వేస్తారే!”

“నాకూ భయంగానే ఉంది పెద్దయ్యా,” అంది, సిరా ఆరడానికి కాగితం మీద ఊదుతూ. “కానీ రేపటి నుంచి ఈ కథలేవీ ఉండవు. ఊళ్లో కచేరీవాళ్లు కాల్చకుండా దాచుకునే కాగితం ఇదొక్కటే.”