కుప్పయ్య పుట్టి

కుప్పయ్యకు ఈత రాదు. తాగితే సరిగ్గా నిలబడటం కూడా రాదు. అలాంటి మనిషి, ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది వానలకు ఊరి చెరువు నిండగానే, పోయి ఒక పాత పుట్టి కొనుక్కొచ్చాడు.

శనక్కాయలు పండించే రైతుకు పుట్టి ఎందుకని ఊరంతా నవ్వింది. చేపలకేమో అనుకుందామంటే వల లేదు, గాలం లేదు. సాయంత్రమైతే సారా అంగట్లో సీసా కొనుక్కుని, పాత నేస్తాలు ఎంత పిలిచినా ఆగకుండా నేరుగా చెరువుకు పోయేవాడు. నడి చెరువు దాకా తెడ్డేసుకుని పోయి, అక్కడ మూత తీసేవాడు. సీసా సగమయ్యేసరికి పాట అందుకునేవాడు. పాట ఊపందుకుంటే లేచి నిలబడేవాడు. పుట్టి అంటే పెద్ద గంప లాంటిదేగా, గిర్రున తిరిగేది.

గట్టు మీద భార్య సుబ్బులమ్మ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని చూసేది. ఒకరోజు పుట్టి ఎక్కబోతున్న మొగుడి చేతులు పట్టుకుంది.

"ఏమయ్యా, నీకు దండం పెడతా. తాగేది తాగు, ఈ గట్టు మీదే కూసోని తాగు. పాపమేదన్నా ఉంటే నా నెత్తినేసుకుంటా."

"తప్పుమే! అంత మాట అనగూడదు," అని కుప్పయ్య లెంపలేసుకున్నాడు. "పైన దేవుడుండాడు."

తాగుబోతుకు దేవుడెందుకు గుర్తొచ్చాడో విన్నవాళ్లకు అంతుబట్టలేదు.

అనుకున్నంతా అయింది. ఒకనాడు పాట మంచి పట్టులో ఉండగా పుట్టి బోర్లపడింది. చేపలు పట్టే పెంచలయ్య దగ్గర్లో ఉండబట్టి సరిపోయింది. ఈదుకుంటూ పోయి, జుట్టు పట్టుకుని లాక్కొచ్చి గట్టు మీద పడేశాడు. వెనకే పుట్టిని కూడా ఎవరో ఒడ్డుకు చేర్చారు. కడుపు నొక్కితే సగం చెరువు బయటికొచ్చింది. కుప్పయ్య పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. సుబ్బులమ్మ గుండెలు బాదుకుంటోంది.

పెంచలయ్య తన సంచిలోని సీసా తీసి కుప్పయ్య నోటి దగ్గర పెట్టాడు.

"ఒక్క గుక్క తాగప్పా, ఒంట్లో వేడి పుడతాది."

కుప్పయ్య పళ్లు బిగబట్టి తల తిప్పేశాడు.

"వద్దబ్బా. ఈడ వద్దు."

"సచ్చిపోతావురా సామీ!"

"సచ్చినా సరే. ఆ పుట్టిని నీళ్లలోకి తొయ్యండి. నన్నెత్తి దాంట్లో కూసోబెట్టండి. అప్పుడు తాగుతా."

నీళ్లు మెదడుకెక్కాయన్నారు జనం.

సుబ్బులమ్మ మాత్రం తన నెత్తి తానే కొట్టుకుంది. పోయిన వినాయక చవితికి గుట్టుగా మొగుణ్ని కాణిపాకం స్వామి ముందు నిలబెట్టి, ఇంట్లో తాగను, అంగట్లో తాగను, చేన్లో తాగను, చెరువు గట్టున తాగను అని ఒక్కో చోటూ పేరు పెట్టి ప్రమాణం చేయించినప్పుడు, ఆ మహాతల్లికి నీళ్లొక్కటే గుర్తు రాలేదు.