అందించని మాట

"అమ్మాయ్, మీ అక్క మాట మరిచిపోయినట్టుంది. త్వరగా అందించు," అన్నాడు తెర పక్కనుంచి మేకప్ మామయ్య.

చెల్లి పెదవి కదపలేదు. రాణి వేషం తనూ అడిగింది. అది అక్కకిచ్చి, తనను మాటలందించమని తెర వెనక కూర్చోబెట్టారు. ఆనాటి నుంచి కళ్లలో నిప్పులు పోసుకుంటూనే ఉంది. ఈ నగర నాటకోత్సవంలో అందరి ముందూ నవ్వులపాలు కానీ అనుకుంది.

వేదిక మీద, కొడుకు చావు కబురు విన్న రాణిగా అక్క రెప్ప వేయకుండా అలాగే నిలబడిపోయింది. హాలంతా ఊపిరి బిగబట్టింది. కాసేపటికి ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. ఆ హోరులో అక్కకు మాట గుర్తొచ్చింది.

తెర పడగానే అక్క వచ్చి చెల్లిని వాటేసుకుంది.

"అక్కడ మాటకన్నా మౌనమే బాగుంటుందని నీకెలా తట్టిందే?"

"నీకు భయమెయ్యలేదా?"

"ఎందుకే? వెనక నువ్వున్నావుగా."

దాచుకున్న మాట చెల్లి గొంతులో ముల్లులా గుచ్చుకుంది.