ఈశాన్యం గది

నిన్న పొద్దున ఎప్పటిలాగే దీపం పెట్టాను. మా హన్మకొండ ఇంట్లో ఎండ వచ్చేది ఒక్క ఈశాన్యం గదికే. అది దేవుళ్లది. వెనక గదిలో తమ్ముడి కూతురు భవాని దగ్గుతోంది. బాత్రూం పైపు కారి, ఆమె మంచం పక్క గోడంతా నల్లగా బూజు పట్టింది.

"ఆ బూజుతోనే పిల్లకు ఆయాసం అని డాక్టర్ చెప్పిండు గద. పైపు ఎప్పుడు బాగుచేపిస్తవురా?" అన్నాను.

"చేపిద్దాం తియ్యక్కా, ఫికర్ చెయ్యకు," అన్నాడు తమ్ముడు భానుచందర్. వానాకాలం నుంచీ ఇదే మాట. "అందాక నువ్వు జర దేవునికి చెప్పరాదు."

"రోజూ చెప్తనే ఉన్న. ఆయన ఎండల వెచ్చగ కూసున్నడు. చెమ్మ సంగతి ఆయనకేం ఎరుక?"

వాడు చెంపలేసుకున్నాడు.

సాయంత్రం అందరం కూర్చున్నప్పుడు గదులు మార్చే మాట ఎత్తాను. ఈశాన్యం గది భవానికి, వెనక గది దేవుళ్లకు. వాళ్లకెలాగూ దగ్గు రాదన్నాను. మరదలు నవ్వి సరేనంది.

"దేవున్ని ఆ బూజుల పెడ్తమా అక్కా? మనుషులమేనా?" అన్నాడు తమ్ముడు.

నేనింకా ఒక్క పటం కూడా దించలేదు. వాడు ప్లంబర్‌కు ఫోన్ చేశాడు.