నిలిచే పేరు

“ఎవరి పేరు తీసేస్తావో ఇప్పుడే చెప్పు,” అంది మేడమ్.

పరిశోధక విద్యార్థిని బల్ల మీది రాయి వైపు చూసింది. అందులో ముద్రపడిన శిలాజపు ఆకు, దాన్ని మోస్తున్న కాండం. ఇన్నాళ్ళూ ఆ రెండూ వేర్వేరు రాళ్ళలో విడివిడిగానే దొరికేవి. ఆకుకు మేడమ్ ఒక పేరు పెట్టింది, కాండానికి సార్ మరొకటి పెట్టాడు. రెండూ ఒకే మొక్కవని ఈ రాయి తేల్చేసింది. ఒక మొక్కకు ఒకే పేరుండాలి. ముందు అచ్చయిన పేరే నిలుస్తుందని నియమం. ఖర్మకాలి, రెండూ ఒకే పత్రికలో ఒకే రోజు అచ్చయ్యాయి. అలాంటప్పుడు, రెంటినీ మొదట కలిపినవాళ్ళు ఏది ఎంచితే అదే ఖాయం.

కలిపింది తను. తన థీసిస్ మీద మేడమ్, సార్ ఇద్దరూ సంతకం పెట్టాలి. వాళ్ళు విడిపోయిన భార్యాభర్తలు.

“నా పేరు పోతే సంతకం పెట్టను. మీ సార్‌కి కూడా చెప్పు.”

సార్ పక్క కుర్చీలోనే ఉన్నాడు. “విన్నానని చెప్పమ్మా. నాదీ అదే మాటని చెప్పు.”

“మేడమ్, సార్ కూడా...”

“నాకేం చెవుడు లేదులే.”

విద్యార్థినికి ఏడుపొక్కటే తక్కువ. “మీరిద్దరే ఏదో ఒకటి అనుకోండి మేడమ్. మధ్యలో నన్నెందుకు నలిపేస్తారు?”

మేడమ్ కాస్త తగ్గింది. “అసలు ఇవి అతుక్కునే ఉన్నాయంటావా? ఒకదాని మీద ఒకటి పడి ఉండొచ్చుగా,” అంటూ సూది తీసుకుని ఆకు మొదట్లో గీకసాగింది.

“మెల్లిగా గీకమను. పెచ్చు లేస్తుంది,” అన్నాడు సార్.

“ఆయన దగ్గర నేర్చుకోవాల్సిన అవసరం నాకు లేదని చెప్పు.”

పెచ్చు లేచింది. ఆకు కాండానికి గట్టిగానే అతుక్కుని ఉంది. ఆ అతుకు దగ్గరే, పెచ్చు కింద నుంచి, కాండానికే అంటుకున్న ఒక గింజ బయటపడింది.

సార్ భూతద్దం పెట్టి చూశాడు. భూతద్దాన్ని మేడమ్‌కి అందించాడు. ఆమె చూసి, సూది పక్కన పెట్టేసింది.

“ఈ గింజకి ఇదివరకే పేరుందా సార్?”

“ఉంది. మా రెంటికన్నా ముందే అచ్చయింది. ఇక నువ్వు ఎంచాల్సిన పని లేదమ్మా. ఆ పేరే నిలుస్తుంది, మావి రెండూ పోతాయి.” ఆయన గొంతులో కోపం లేదు.

“ఎవరు పెట్టారు సార్ ఆ పేరు?”

మేడమ్ ఈసారి విద్యార్థినితో చెప్పించలేదు, తనే ఆయన వైపు తిరిగింది.

“మనిద్దరం కలిసి పెట్టిందే. మనకి దక్కని పాప పేరు కదండీ అది.”