తేనెపట్టు జిగురు

"నేను లోపలికి రాను" అన్నాడు మేస్త్రీ, ఎక్స్‌రే గది తలుపు పట్టుకుని. "మచ్చ ఉంటే ఉండనీ. తెలియకుండానే పోతాను."

"పోవడానికి అంత తొందరేం వచ్చింది? ముందు నోరు తెరవండి" అంది భార్య.

చేతిసంచిలోంచి గోధుమరంగు సీసా తీసి చెంచాలోకి వంపింది. తేనెటీగలు తమ గూటి పగుళ్లు పూడ్చుకునే జిగురు అది. తేనెటీగలు పెంచే ఆమె తమ్ముడు కరగబెట్టి పంపించాడు. లోహపు పొడి పాడుచేసిన ఎలుకల ఊపిరితిత్తులు దీనివల్ల కాస్త కోలుకున్నాయని ఎక్కడో చదివాడట.

"నేను ఎలుకనా?"

"పులి అయితే తలుపు పట్టుకుని వేలాడరు కదా! మింగండి."

మింగాడు. నాలుక కొసదాకా చేదు.

"నువ్వూ కాస్త వేసుకోరాదూ?"

"పొడి మింగేది మీరు, మందు మింగేది నేనా? బాగానే ఉంది! అసలే సీసా అడుగంటింది."

బ్యాటరీల కార్ఖానాలో కాడ్మియం అనే లోహపు పొడి కలపడం మేస్త్రీ పని. పోయినవారం పక్కనే నిలబడి పని చేస్తున్న జతగాడు దగ్గి దగ్గి కుప్పకూలాడు. పెదవులు నీలంగా మారిపోయాయి. ఇప్పుడు ఇదే ఆసుపత్రిలో, ఈ వరండా చివరి గదిలో ఉన్నాడు. అతని దగ్గు ఇక్కడికి వినిపిస్తోంది. వినిపించినప్పుడల్లా మేస్త్రీ తలుపును ఇంకాస్త గట్టిగా పట్టుకుంటున్నాడు.

"ఎవరండీ ముందు?" లోపలినుంచి కేక.

మేస్త్రీ కదల్లేదు.

"డాక్టరు ఇద్దరికీ రాశాడుగా. నేను వెళ్లొస్తా, చూసి నేర్చుకోండి" అంటూ ఆమె చకచకా లోపలికి వెళ్లింది. చిటికెలో నవ్వుతూ బయటికొచ్చింది. "ఊపిరి బిగబట్టమంటాడు, అంతే. మీరు పొద్దుటినుంచీ అదే పని చేస్తున్నారు!"

చివరికి ఎలాగో అతనూ వెళ్లి నిలబడ్డాడు.

డాక్టరు గదిలో అడుగుపెట్టేసరికి లైటు పెట్టె మీద ఫిల్ము వెలుగుతోంది. రెండు ఊపిరితిత్తుల నిండా పిండి చల్లినట్టు తెల్లటి మచ్చలు. మేస్త్రీ కుర్చీ పట్టుకున్నాడు.

"ఇంకెన్నాళ్లు డాక్టరుగారూ?"

"ముందు కూర్చోండి. ఇది మీది కాదు." డాక్టరు ఆ ఫిల్ము తీసి ఇంకోటి పెట్టాడు. "ఇదీ మీది. శుభ్రంగా ఉంది."

మేస్త్రీ గుండెల మీంచి బండ దిగిపోయింది. భార్య చెయ్యి పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

"నీ జిగురే కాపాడిందే నన్ను!"

"నేను చెప్పలేదూ!" అంది ఆమె, కళ్లు తుడుచుకుంటూ.

"ఎలుకల సంగతి నేనూ చదివాను" అన్నాడు డాక్టరు. "మనుషుల్లో ఇంకా తేలలేదు. దాన్ని నమ్ముకుని పనిలో మాస్కు మాత్రం తీయకండి."

"చచ్చినా తీయనండీ!" మేస్త్రీకి నవ్వూ ఏడుపూ కలిసి వస్తున్నాయి. అంతలో ఆ మచ్చలు గుర్తొచ్చి గొంతు తగ్గించాడు. "పాపం, ఆ మొదటి ఫిల్ము మా జతగాడిదేనాండీ?"

డాక్టరు కాదన్నట్టు తల ఊపాడు. నెమ్మదిగా ఆమె వైపు తిరిగాడు.

"ఇంట్లో ఈయన పనిబట్టలు దులిపి ఉతికేది ఎవరమ్మా?"