ఏ ఆడదైనా తింటుందా?

"కట్," అంది దర్శకురాలు మారివిక్, మూడోసారి.

పెర్లిటా అన్నం పళ్ళెం పక్కన పెట్టింది. పద్నాలుగేళ్ళుగా ఫిలిప్పీన్స్‌లోని క్వెజాన్ సిటీ సినిమా స్టూడియోల్లో గుంపులో నిలబడే వేషాలే ఆమెవి. ఈ నటన పరీక్షలో నెగ్గితే మొదటిసారి మాటలున్న పాత్ర దొరుకుతుంది. అదీ కథానాయిక పాత్ర.

కథ ఒక వారపత్రికలో అచ్చయిన ఉత్తరం. ఎవరో మారుపేరుతో రాసింది. మొగుడు ఇంకొకామె కోసం ఇల్లు వదిలి వెళ్ళిన రోజు సంగతి.

"అక్కా, అతను సంచి సర్దుకుని గుమ్మం దాటుతున్నాడు. నువ్వేమో కూర్చుని ఎండుచేప నంజుకుంటున్నావు," అంది మారివిక్.

"ఆకలేస్తుంది కదమ్మా. పొద్దున్నించీ పోట్లాటే."

మొగుడి స్థానంలో నిలబడ్డ సహాయ దర్శకుడు ఎర్విన్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "నేను పోతుంటే ముళ్ళు ఏరుకుంటోంది మేడమ్. నాకే ఏడుపొస్తోంది."

"కాళ్ళు పట్టుకో అక్కా. జుట్టు విడిపోవాలి. గుండెలు బాదుకోవాలి. నేనూ ఆడదాన్నే, నాకు తెలీదా?"

పెర్లిటా కాళ్ళు పట్టుకుంది. గొంతు ఏడ్చింది గానీ కళ్ళు తడవలేదు.

"మళ్ళీ."

మళ్ళీ పట్టుకుంది. ఎర్విన్ చెప్పు ఊడొచ్చింది. అందరూ నవ్వారు.

పెర్లిటా నేల మీదే కూర్చుండిపోయింది. "ఉత్తరంలో తిన్నాననే ఉంది కదమ్మా. పళ్ళెం కడిగి, గడియ పెట్టి, తెల్లారేదాకా నిద్రపోయానని. అలాగే చేస్తే ఏం?"

"అది పరువు కోసం రాసుకున్న మాట. ఏ ఆడదైనా తింటుందా ఆ పూట? నిజంగా ఎంత ఏడ్చిందో, పాపం. మనమైనా ఆమెకు న్యాయం చెయ్యొద్దా?"

పెర్లిటా ఊడొచ్చిన చెప్పు ఎర్విన్ ముందు పెట్టి లేచింది.

పాత్ర ఇరవై రెండేళ్ళ అమ్మాయికి పోయింది. ఆ అమ్మాయి మొదటిసారికే కన్నీళ్ళతో ఎర్విన్ ప్యాంటు తడిపేసింది. పెర్లిటాకు పక్కింటామె వేషం ఇచ్చారు. గుమ్మంలో నిలబడి, "అయ్యో, ఎలా ఏడుస్తోందో చూడండి," అనాలి.

ఒప్పంద కాగితం మీద పెర్లిటా తన అసలు పేరుతోనే సంతకం చేసింది. మారుపేరు పెట్టింది వారపత్రికకు పంపిన ఆ ఒక్క ఉత్తరానికే.