అంటించిన కవరు

"ఎవడికి ఎవరి మీద మనసు పోతుందో లెక్కలు రాయడమా సర్కారు పని?" అంటూ సూపర్‌వైజరు బల్ల గుద్దాడు. టీ గ్లాసు ఒలికింది.

ఇంటింటి సర్వే మొదలై ఇరవై రోజులైంది. ఈసారి ఫారంలో రెండు కొత్త ప్రశ్నలు చేర్చారు. పద్దెనిమిదోది, మిమ్మల్ని మీరు ఆడ అనుకుంటారా, మగ అనుకుంటారా, ఇంకోలా అనుకుంటారా అని. పంతొమ్మిదోది, మీకు ఇష్టం కలిగేది ఆడవాళ్ల మీదా, మగవాళ్ల మీదా అని. పెద్దవాళ్లందరినీ విడివిడిగా, పక్కన ఎవరూ లేకుండా అడగాలి. ఫారంలో పేర్లుండవు, ఇంటి నంబరు తప్ప. దాన్ని వాళ్ల ఎదుటే కవర్లో పెట్టి అంటించాలి. పైఆఫీసులో తప్ప మరెక్కడా విప్పకూడదు.

సర్వేకి వెళ్లేవాళ్లకి అంత ఓపిక ఎక్కడిది? గుమ్మంలో నిలబడి ఇంటి పెద్దని అడగడం, ఇంటిల్లిపాదికీ పైనుంచి కిందికి ఒకే గీత గీసెయ్యడం. సూపర్‌వైజరుకి ఆ గీతలంటే ప్రాణం. వచ్చిన ప్రతి కవరూ బ్లేడుతో కోసి చూసి, కొత్త కవర్లో పెట్టి అంటించేవాడు. తన వార్డు నుంచి 'అలాంటి' జవాబు ఒక్కటి పైకి వెళ్లినా తన తల కొట్టేసినట్టేనని అతని బాధ. కంచే చేను మేస్తుంటే అడిగేదెవరు?

అతనికి పంటి కింద రాయిలా దొరికింది తాబేలు.

ఆమె అసలు పని బట్టలు కుట్టడం. రోజుకి నలభై ఇళ్లు తిరగమంటే పదమూడు తిరుగుతుంది గనక ఆఫీసులో ఆ పేరు ఖాయం చేశారు. ప్రతి మనిషినీ విడిగా కూర్చోబెట్టి అడిగేది మరి. సర్వే గట్టెక్కితే ఉద్యోగం పర్మినెంటు చేస్తామన్నారు. ఆ ఒక్క ఆశతో కుట్టుమిషను మూలన పడేసి వచ్చింది.

ఆ రోజు ఆమె తెచ్చిన కవర్లలో ఒకటి కోసి, సూపర్‌వైజరు ఆగిపోయాడు. ఫారం రెండుసార్లు చదివాడు. గుమాస్తాలిద్దర్నీ టీకి పంపించి, తలుపు వేసి, ఆమెని పిలిచాడు.

"ఈ ఇల్లు చేసింది నువ్వేనా?"

ఆమె ఫారం వైపు కాదు, కోసిన కవరు వైపు చూసింది. "కవరెందుకు విప్పారు సార్?"

"అడిగినదానికి చెప్పు. రెండో అంతస్తు. నలుగురు మనుషులు, ముగ్గురి జవాబులు. చివర ఇరవై ఏళ్ల ఆడపిల్ల. పంతొమ్మిదో గడిలో 'ఆడవాళ్ల మీద' అని ఉంది. ఏంటీ రాత?"

"ఆ అమ్మాయి చెప్పిందే రాశాను."

"అబద్ధం! ఆ ఇల్లు నాకు తెలుసు. పరువుగల కొంప. అక్కడ అలాంటి చెత్త పుట్టదు."

"పుట్టేది మనుషులు సార్, చెత్త కాదు." తాబేలు కోసిన కవరు మీద వేలు పెట్టింది. "అంటించాక ఎవరూ విప్పరు కదండీ అని రెండుసార్లు అడిగింది. విప్పరని ఒట్టేశాను. అప్పుడు నోరు తెరిచింది. ఎవరికీ చెప్పుకోలేను, కనీసం లెక్కలోనైనా ఉంటాను అంది."

"ఇంకో ఫారం తీసి సరిగ్గా రాయి."

"రాయను."

"అయితే నేనే వెళ్లి అడుగుతా. ఆ పిల్ల కాదందంటే నీ ఉద్యోగం ఊడినట్టే."

తాబేలు రెండు చేతులూ జోడించింది. "నా ఉద్యోగం ఇప్పుడే తీసెయ్యండి సార్. మీ కాళ్లు పట్టుకుంటాను, ఆ ఇంటికి మాత్రం వెళ్లకండి."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం అతను. వెళ్లాడు.

మధ్యాహ్నం రెండింటికి మెట్లెక్కి బెల్లు కొట్టాడు. ఆ అమ్మాయే తలుపు తీసింది. సగం అల్లిన జడ చేతిలో ఉంది. అతన్ని చూసింది. అతని చేతిలో ఫారం చూసింది. జడ వదిలేసింది.

"ఎవరే?" అని లోపల్నుంచి తల్లి కేకేసింది. ఆ అమ్మాయి వెనక తలుపు ఓరగా లాగింది.

అతను బూట్లు విప్పలేదు, లోపలికి రాలేదు. పంతొమ్మిదో గడి మీద వేలు పెట్టి, పళ్ల బిగువున అడిగాడు.

"ఇది నువ్వు చెప్పావా, ఆ సర్వేకొచ్చింది సొంతంగా రాసుకుందా?"

ఆ అమ్మాయి వంటింటి వైపు చూసింది.

"నిన్నే. ఆలోచించుకుని చెప్పు."

వంటింట్లో కుళాయి నీళ్ల చప్పుడు ఆగింది. తల్లి అడుగులు ఇటే వస్తున్నాయి.

"ఆవిడే రాసుకుంది" అంది ఆ అమ్మాయి, వినబడీ వినబడనట్టు. ఆ మాటలో అబద్ధం చెవిటివాడికైనా వినబడేది. అతనికి వినబడలేదు.

"అదే ఈ కాగితం మీద రాసి, సంతకం పెట్టు."

పెట్టింది.

తిరిగొచ్చి, ఆ కాగితం తాబేలు ముందు పడేశాడు. తప్పుడు వివరాలు రాసినందుకు ఆమె గుర్తింపు కార్డు లాక్కున్నాడు. "ఇప్పుడేమంటావ్?" అన్నాడు.

ఆమె కాగితం చదివింది. కోపం రాలేదు. "ఆ పిల్ల ఎలా ఉంది సార్?" అని మాత్రం అడిగింది.

"నీకెందుకు? ఫో!"

ఆమె వెళ్లాక కొత్త ఫారం తీశాడు. నలుగురికీ పైనుంచి కిందికి ఒకే గీత గీశాడు. కవర్లో పెట్టి, బొటనవేలితో గట్టిగా ఒత్తి అంటించాడు. వార్డు మొత్తం మీద 'అలాంటివాళ్లు' సున్నా అని పైఆఫీసుకి రాసి పంపాడు. చాలా రోజుల తర్వాత అతనికి ఆకలేసింది.

సాయంత్రం ఆఫీసుకి తాళం వేసి, ఇంటికెళ్లి బెల్లు కొడితే, మధ్యాహ్నం తలుపు తీసిన అమ్మాయే మళ్లీ తీసి, తలెత్తకుండా నాన్న చేతిలోని సంచీ అందుకుంది.